గంజి తాత సూర్యుడి మరకలు చూసిన వైనం

సూర్యుణ్ణి కిందికి దించి, బల్ల మీద పరిచి, నాలుగు నీటి చుక్కలు చిలకరించి, అంచులు లాగి ఇస్త్రీ చేయగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా తాత. ఆకాశంలోకి రాకెట్లు వదిలే పెద్దమనుషులు ఇంతవరకూ ఆయన సలహా అడగలేదంటే నష్టం వాళ్లదే. ఆయన మాత్రం ఇంట్లోనే ఉన్నాడు, ఖాళీగానే ఉన్నాడు, ఎవరూ అడగకపోయినా చెబుతూనే ఉన్నాడు.

పనిచేసిన చోట ఆయన్ని అందరూ గంజి అనేవారు. గంజి పెట్టడంలో తనను మించినవాడు లేడు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన చెప్పుకుంటాడు. ఆయన నడక చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. మెడ, వీపు, మోకాళ్లు అన్నీ ఒకే పలకలా బిగించి నడుస్తాడు. కుర్చీలో కూర్చోవాలంటే ఎవరో వచ్చి మడత పెట్టాలేమో అనిపిస్తుంది. నిద్రలో కూడా దుప్పటి నలగకుండా పక్కకు తిరుగుతాడని మా నాయనమ్మ సాక్ష్యం.

ఊరికంతటికీ పెద్దదైన హోటల్లో, నేలకింద గదిలో, బట్టలు ఇస్త్రీ చేసే ఆవిరి ప్రెస్సు దగ్గర ఆయన ఉద్యోగం. పైన ఈతకొలను, దాని చుట్టూ గొడుగుల కింద పడుకున్న అతిథులు. కింద సబ్బు వాసన, ఆవిరి, రోజంతా వెలిగే ట్యూబులైట్లు. కిటికీ అనే వస్తువు ఆ గదికి తెలియదు. పై అంతస్తుల్లో మాసిన బట్టలు పెద్ద రేకు గొట్టంలోంచి జారి బుట్టలో పడేవి, వాటిని చూసే మా తాతకు వాతావరణం తెలిసేది. కాలర్లు చెమటతో పసుపెక్కి వస్తే వేసవి. ప్యాంట్ల అంచులు బురద పట్టి వస్తే వాన. పొద్దు పొడవకముందే లోపలికి దిగి, పొద్దుగూకాక పైకొచ్చే మనిషికి ఎండ అంటే పై అంతస్తుల వాళ్లకు వచ్చే ఏదో జబ్బు.

నాయనమ్మ కూడా అక్కడే పనిచేసేది. ఊడిన బొత్తాలు కుట్టడం, విడిపోయిన అంచులు కలపడం ఆమె పని. ఆమె కుట్టినదాన్ని ఆయన ఇస్త్రీ చేసేవాడు. ఆయన కాల్చినదాన్ని ఆమె రఫూ చేసేది. ఇద్దరిలో ఎవరి పని ఎక్కువగా ఉండేదో ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

ఒకరోజు ప్రెస్సు మూత అలిగి, ఆవిరంతా ఆయన ఎడమ కంటి మీదికి ఊదింది. ఆనాటి నుంచి ఆ కంటికి పగలో రాత్రో తప్ప మరేమీ తెలియదు. మిగతా పనంతా కుడి కన్నే చేస్తుంది. పేపరు చదువుతుంది, ఎదుటివాడి చొక్కా మీద ముడతలు లెక్కపెడుతుంది, నాయనమ్మ సూదుల్లో దారం ఎక్కిస్తుంది. నాయనమ్మకు చేతిపొడవు దూరంలో ఈగ కాలు కుంటినా కనిపిస్తుంది గానీ, దగ్గరికి తెస్తే సూది కూడా పొగే. ఆమె ఇప్పటికీ ఇంటి దగ్గర కుట్టుపని చేస్తుంది కాబట్టి, ఆ కుడి కంటి మీద ఇంట్లో ఇద్దరి పెత్తనం ఉంది.

ఉద్యోగం అయిపోయిన రోజున తోటివాళ్లు ఆయనకు ఒక పాత ఇనుప ఇస్త్రీపెట్టె కానుకగా ఇచ్చారు. అది వేడెక్కదు. పైకెత్తాలంటే ఊపిరి బిగబట్టాలి. ఇంత పనికిరాని వస్తువును ఇంత ప్రేమగా ఎలా ఎంచారో తెలియదు. ఆయన దాన్ని తలుపుకు అడ్డం పెట్టి, మర్నాటి నుంచి మేడ మీద కుర్చీ వేసుకుని ఎండలో కూర్చోవడం మొదలుపెట్టాడు. జీవితమంతా బాకీపడ్డ ఎండను ఒక్క ఏడాదిలో వసూలు చేయాలన్నట్టు ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాడు. తీగ మీద ఆరేసి మరిచిపోయిన తువ్వాలులా ఉన్నాడని నాయనమ్మ అనేది.

అలా ఆరుతూ ఉండగా ఒకరోజు పేపర్లో చదివాడు. సూర్యుడి మీద నల్లటి మచ్చలు ఎక్కువయ్యాయట. అంతే, ఆయన కుర్చీలోంచి లేచాడు. తెల్లటి దాని మీద నల్లగా ఏది కనిపించినా ఆయన లెక్కలో అది మరకే. మరకైతే అది సిరానా, నూనెనా, తుప్పా, కాలినదా? చూడకుండా పేపరువాడి మాట మీద ఒప్పుకుంటే ఇన్నేళ్ల ఉద్యోగం ఎందుకు చేసినట్టు?

ఆయన మొదటి ప్రయత్నం మా బాబాయి మీద ఆధారపడి నడిచింది. బాబాయి అంటే ఆయన చిన్న కొడుకు, తెలియని విషయం లేనివాడు. బాబాయికి ఎప్పుడో మెడ ఎముక విరిగినప్పుడు తీసిన ఎక్స్‌రే బీరువాలో ఉంది. దాన్ని తీసుకుని తాత మేడెక్కాడు. కంటికి అడ్డం పెట్టుకునే సమయానికి నాయనమ్మ బట్టల బుట్టతో వచ్చింది. ఎక్స్‌రేను లాక్కుంది. దానివల్ల వెలుగు తగ్గినట్టు కనిపిస్తుందే గానీ కన్ను కాలడం ఆగదని ఆమెకు కంటి డాక్టరు ఏనాడో చెప్పాడు. ఆమె అరవలేదు. బుట్ట కిందపెట్టి, నెమ్మదిగా అంది.

"ఆ కన్ను మీ ఒక్కరిదే అనుకుంటున్నారా? నా సూదుల్లో దారం ఎవరెక్కిస్తారు, ఈ మెడ ఎముకా?"

చివరికి ఒప్పందం కుదిరింది. సూర్యుణ్ణి చూడ్డానికి తగిన టెలిస్కోపు కొనుక్కోవచ్చు. దుబారా చేయకూడదు. కంటికి ప్రమాదం లేదని తెలిసినవాళ్లు చెప్పాలి. అన్నీ అయ్యాక కూడా, చూడాలనుకున్న ప్రతిసారీ ముందు నాయనమ్మ సరే అనాలి. ఈ ఆఖరి షరతు తాతకు మింగుడుపడలేదు. కానీ మింగాడు.

కళ్లజోళ్లు, దుర్భిణులు అమ్మే దుకాణానికి బాబాయిని వెంటబెట్టుకుని వెళ్లాడు. బాబాయి గడప దాటుతూనే అన్నిటికన్నా లావుగా ఉన్నదాని మీద చెయ్యేశాడు. లోపల అద్దం ఉండే రకం, నీళ్ల డ్రమ్ములా ఉంది. కొంటే ఇలాంటిది కొనాలి, నలుగురిలో పరువుగా ఉంటుంది అన్నాడు. దుకాణం యజమాని ఆ మాటకు పొంగిపోయి, దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. తాత మాత్రం అలమరలో ఉన్న మరో పెట్టె చూశాడు. దాని మీద వలయాలున్న గ్రహం బొమ్మ, కొన్ని వందల రెట్లు పెద్దగా చూపిస్తుందన్న అంకె ఉన్నాయి. లోపల ఒక చిన్న నల్లటి అద్దం కూడా ఉంది. కన్ను పెట్టే చోట దీన్ని బిగించుకుంటే సూర్యుణ్ణి కూడా చూడొచ్చని యజమాని చెప్పాడు. అద్దం ఉచితం. తాత ముఖం వెలిగిపోయింది.

అప్పుడే వెనకగదిలో లెన్సులు బాగుచేసే అమ్మాయి, అంటే యజమాని కూతురు, బయటికొచ్చింది. తండ్రి చేతిలోంచి ఆ నల్లటి అద్దాన్ని తీసుకుని సొరుగులో పడేసి, సొరుగు మూసింది. అది పెట్టెతోపాటు ఉచితంగా వచ్చింది కదమ్మా అని తాత గొణిగాడు.

"కన్ను కూడా ఉచితంగానే వచ్చింది తాతగారూ. రెండోది అడిగితే ఇస్తారా?"

ఆ అమ్మాయికి ఆయన ఎడమ కంటి సంగతి తెలియదు. తాత బాబాయి వైపు చూశాడు. బాబాయి నీళ్ల డ్రమ్ము వైపు చూశాడు.

ఆమె విడమరిచి చెప్పింది. సూర్యుడి వేడంతా గొట్టంలోంచి వచ్చి సరిగ్గా ఆ చిన్న అద్దం దగ్గరే పోగవుతుంది. అద్దం పగిలిందంటే కన్ను ఆర్పే వ్యవధి కూడా ఉండదు. అందుకే అడ్డు ఎప్పుడూ గొట్టం ముందు మూతి దగ్గరే పెట్టాలి, వేడి లోపలికి అడుగే పెట్టకూడదు. ఇది తాతకు చప్పున అర్థమైంది. పట్టుచీర కాలకూడదంటే చీరకూ పెట్టెకూ మధ్య గుడ్డ పరుస్తాం గానీ, చీర కింద పరచం కదా అన్నాడు. ఆ అమ్మాయి ఒక్కక్షణం ఆలోచించి, అంతేనంది.

నీళ్ల డ్రమ్ము విషయం కూడా తేలిపోయింది. మసక చుక్కల్ని వెతికేవాళ్లకు అంత పెద్ద నోరు కావాలి. సూర్యుడి దగ్గర వెలుతురుకు కరువేముంది? డెబ్బై మిల్లీమీటర్ల లెన్సు చాలు. దానికి ముందు మూత చేయడమూ తేలిక. చవక లెన్సు గొట్టం పొట్టిగా ఉంటే బొమ్మ అంచుల్లో ఊదారంగు కారుతుంది, అదే ధరకు పొడుగు గొట్టం తీసుకుంటే కారడం తగ్గుతుంది. రంగు కారడం గురించి తాతకు ఒకరు చెప్పాలా? ఆ మాట విన్నాక ఆయనకు ఆ అమ్మాయి మీద పూర్తి నమ్మకం కుదిరింది. బాబాయికి పూర్తిగా పోయింది.

ఇక తాత తన పద్ధతిలో తనిఖీకి దిగాడు. ఆమె తీసి చూపిన పొడుగు గొట్టాన్ని చొక్కాలా తిరగేశాడు. కీళ్ల దగ్గర చేతితో తడిమాడు. దాన్ని నిలబెట్టే మూడు కాళ్లను పట్టి ఊపితే మొత్తం కొంగలా వణికింది. ఈ ధరకు వచ్చే కాళ్లన్నీ ఇలాగే ఉంటాయని, నడుమ ఏదైనా బరువు వేలాడదీస్తే నిలబడుతుందని ఆ అమ్మాయి చెప్పింది. బరువు అనగానే తలుపుకు అడ్డం పడున్న ఇస్త్రీపెట్టె తాత మనసులో మెదిలింది. ఇన్నాళ్లకు దానికీ ఒక ఉద్యోగం దొరికింది. గొట్టం నెత్తిన గురి చూసుకునే చిన్న దుర్భిణిని ఆమె ఊడదీసింది. అదీ కన్ను కాల్చేదే, మూత లేకుండా ఉంటే ఎవరైనా అలవాటుగా తొంగిచూస్తారు. అది లేకపోతే సూర్యుడు ఎలా దొరుకుతాడని తాత అడిగాడు. గొట్టం నీడ నేల మీద అన్నిటికన్నా చిన్నదై గుండ్రంగా మారినప్పుడు సూర్యుడు ఎదురుగా ఉన్నట్టేనని చెప్పింది.

ఆఖరున ఒక వెండిరంగు పలచటి పొర ఇచ్చింది. కంటితో సూర్యుణ్ణి చూడ్డానికే చేసిన రకం. అట్టతో గుండ్రంగా ఒక కట్టు చేసి, ఈ పొర దానికి అతికించి, గొట్టం ముందు మూతికి బిగువుగా తొడగాలి, గాలికి ఊడకుండా టేపు వేయాలి. వాడే ప్రతిసారీ గట్టి దీపం ముందు పెట్టి చిల్లులున్నాయేమో చూడాలి. ఒక్కటున్నా పారేయాలి. ఇంతవరకూ తాత బుద్ధిమంతుడిలా తలూపాడు.

"పొరను లాగి బిగించకండి. వదులుగా ఉండాలి. ముడతలున్నా ఏం కాదు."

ముడతలున్నా ఏం కాదు! ఆయన ముఖం మీదే అనేసింది. చిన్నపిల్ల, పాపం, తెలియదు అని ఇంటి గుమ్మం దగ్గర తాత బాబాయితో అన్నాడు.

చెప్పినట్టే కట్టు చేశాడు, పొర అతికించాడు. అది కాస్త వదులుగా, అక్కడక్కడ నలిగి, నిద్రలేచిన ముఖంలా ఉంది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి దూరం నుంచి చూశాడు. దగ్గర నుంచి చూశాడు. దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. అటుగా వెళ్తున్న నాయనమ్మ ఆగి, ఇంత పేరున్న గంజి చేసింది ఇదేనా, హోటలువాళ్లకు చూపిస్తే పింఛను వెనక్కి తీసుకుంటారు అంది. ఊరికే అంది. ఆమెకు ఆయన్ని ఆటపట్టించడం ఊపిరి పీల్చడం లాంటిది. కానీ ఆ మాట వెళ్లి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుండగా ఆయన పొరను కట్టు నుంచి విడదీశాడు. ఇంట్లోని కరెంటు ఇస్త్రీపెట్టెను అన్నిటికన్నా తక్కువ వేడి మీద పెట్టాడు. కింద ఒక దుప్పటి, పైన ఒక పలచటి గుడ్డ. గాలికన్నా తేలిగ్గా పెట్టెను అలా తాకించి ఇలా తీశాడు. పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి ఆపి, అతిథుల పట్టుటైలను కాపాడిన చేత్తోనే ఆ పని చేశాడు. గుడ్డ తీసి చూస్తే పొర చదునుగా, నిలువుటద్దంలా మెరుస్తోంది. తన ముఖం తనకు కనిపించింది. ఆయన దాన్ని చూసి నవ్వాడు కూడా, మళ్లీ కట్టుకు అతికించాడు.

నాయనమ్మ లేచాక, సూర్యుణ్ణి చూడ్డానికి అందరం మేడ ఎక్కాం. గొట్టం నిలబెట్టారు, నడుమ ఇనుప ఇస్త్రీపెట్టె వేలాడదీశారు. కొంగ వణకడం మానేసి బుద్ధిగా నిలబడింది. తాత పొర కట్టును జేబులోంచి తీసిన తీరు, పళ్లెంలో కిరీటం తెస్తున్నట్టుంది. బాబాయి, అబ్బో, భలే చదునుగా ఉంది నాన్నా అన్నాడు. తాత మీసం లేని చోట మెలేశాడు. ఇక తొడగబోతుంటే నాయనమ్మ చెయ్యి చాపింది.

దీపం ముందు చూడాలి కదా, ఇవ్వండి అంది. తాత తాను చూశానన్నాడు. ఎప్పుడన్నది చెప్పలేదు. ఇంత నున్నగా ఉన్నదానికి చిల్లులెలా వస్తాయన్నాడు, పొద్దు వాలిపోతోందన్నాడు, మబ్బు వస్తుందన్నాడు. ఆకాశంలో చేతిరుమాలంత మబ్బు కూడా లేదు. నాయనమ్మ చాపిన చెయ్యి తీయలేదు. ఆయన ఇచ్చాడు.

ఆమె మెట్ల గదిలోకి వెళ్లి, అక్కడి బల్బు ముందు పొరను చేతిపొడవు దూరంలో పట్టుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఆయన్ని లోపలికి పిలిచింది. వెండిపొర నిండా సన్నటి వెలుగు గీతలు. పగిలిన పింగాణీలో ఉన్నట్టు. వాటి పక్కన సూదిమొనంత మెరుపులు, నక్షత్రాల్లా.

"దీన్ని ఇస్త్రీ చేశారా?"

తాత తలుపు వైపు చూశాడు. నాయనమ్మ తిట్టి ఉంటే ఆయనకు కాస్త హాయిగా ఉండేది. ఆమె తిట్టలేదు. పొరను కట్టు నుంచి లాగి సగానికి మడిచింది, మళ్లీ సగానికి మడిచింది, గట్టిగా నలిపి చెత్తబుట్టలో వేసింది. తాత ఆ చెత్తబుట్ట వైపు చూశాడు. గొట్టాన్ని తానే దించి, ఒక్కడే కిందికి మోశాడు.

మర్నాడు లెన్సుల అమ్మాయి దగ్గరికి వెళ్లి, తెలిసినవాడొకడు ఉన్నాడని, బుద్ధిలేనివాడని, ఇలా చేశాడని చెప్పాడు. ఆయన చొక్కా మడతల పదును చూసి ఆ అమ్మాయికి ఆ బుద్ధిలేనివాడెవరో తెలిసిపోయే ఉంటుంది. అడగలేదు. కొత్త పొర ఇస్తూ, ఆ తెలిసినాయనకు చెప్పండి తాతగారూ, వేడికి ఆ వెండి పూత చిట్లుతుంది, ముడత వల్ల బొమ్మ చెడదు అంది. చెబుతానన్నాడు. వాడు వింటాడో లేదో అని కూడా అన్నాడు.

ఈసారి కట్టు నాయనమ్మ చేసింది. ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. కరెంటు ఇస్త్రీపెట్టెను తన కుట్టుమిషను సొరుగులో పెట్టి తాళం వేసింది. పొరను వదులుగా అతికించింది, చుట్టూ టేపు వేసింది, బల్బు ముందు పట్టుకుని ఒకసారి, తిప్పి మరోసారి చూసింది. అది నలిగిన జేబురుమాలులా ఉంది. తాత దాని వంక చూడలేకపోయాడు. కానీ తొడిగాడు. లాగి చూశాడు, ఊడలేదు. నాయనమ్మ కూడా లాగి చూసింది. ఆ తర్వాతే గొట్టాన్ని ఎండ వైపు తిప్పారు. నేల మీద నీడ పొట్టిదై, పొట్టిదై, గుండ్రంగా నిలిచింది. నాయనమ్మ సరే అంది.

తాత నడుం వంచాడు. ఆయన నడుం వంగడం ఇంట్లో చాలామంది అప్పుడే మొదటిసారి చూశారు. కుడి కన్ను పెట్టాడు. చాలాసేపు కదల్లేదు. ఏం కనిపిస్తోందని బాబాయి రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగబోతే నాయనమ్మ కళ్లతోనే ఆపింది. ఎదురుగా, తెల్లగా, గంజి పెట్టి ఆరేసిన గుండ్రటి గుడ్డలా సూర్యుడు. ఒక అంచున నల్లటి చుక్కలు, గుంపుగా, చుట్టూ లేత గోధుమరంగు మసక. ఇన్నేళ్లూ పైన ఉండి, ఆయనకు మాసిన కాలర్లు మాత్రమే పంపినవాడు.

"కాలిన మరకలు," అన్నాడు కన్ను తీయకుండానే. "నడుమ నల్లగా, చుట్టూ గోధుమరంగుగా. ఎవడో పెట్టె ఆన్చి మరిచిపోయాడు. ఇవి పోవు."

ఆ తర్వాత బాబాయికి వంతు ఇవ్వడానికి ఆయన చేసిన తాత్సారం గురించి రాయాలంటే వేరే కాగితాలు కావాలి.

కిందికి దిగగానే నాయనమ్మ ఆయన చేతిలో సూది, దారం పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన దారం కొసను పెదాల మధ్య తడిపి, వెలుతురు వైపు తిరిగి, మొదటి ప్రయత్నంలోనే ఎక్కించాడు. ఆమె సూది తీసుకుని, సొరుగు తాళం చెవి బల్ల మీద పెట్టి, మిషను దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన తాళం చెవిని చూశాడు గానీ వెంటనే తీసుకోలేదు.

ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. సూర్యుడికి ఇస్త్రీ చేయగల మనిషి అన్న చోట కాస్త ఎదురు చూశాను, ఎంతైనా పొగడ్త కదా. పొర ఇస్త్రీ చేసిన సంగతి ఉంచనా, తీసేయనా తాతా అని కూడా అడిగాను. ఆయన కుడి కన్ను చిట్లించి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏం రాసుకుంటావో రాసుకో. ముందు ఆ చొక్కా విప్పి ఇలా పారెయ్. సూర్యుణ్ణి చూసినా పోని కన్ను, నీ కాలరు చూస్తే పోయేలా ఉంది."